మరమ్మతుశాలయు విజ్ఞానశాలయు

గృహిణి దినచర్యయందు కన్నులతో జూచి జరుపుకొను వ్యవహారములు కొన్ని, కేవలము నమ్మకముమీద జరుపవలసినవి కొన్ని కలవు. వంకాయ పుచ్చో మంచిదో మనకొకరు చెప్పనక్కరలేదు. పాలలో నీరెంత కలిసినదో కాచినపుడు మీగడయే చెప్పును. బియ్యము పాతవో క్రొత్తవో గుప్పెడు చేతిలోనికి దీసికొనిన చాలును. ఇట్టి వస్తువులయందు మనలను మోసగించుట సులభము కాదు; ఏలయన మనకు వాని గుణము తెలియును. కాని నీటిపంపు మోటారు నిలిచిపోయినపుడు, కారు నడిదారిలో మొరాయించినపుడు, ఎదుటివాని మాటయే మనకు ప్రమాణమగుచున్నది. వానికి తెలిసినది మనకు తెలియదు. ఆ రెంటికి నడుమనున్న సందులోనే మోసము కాపురముండును.

ఈ సందును పూడ్చు ఉపాయమేమి? అందరును అన్ని విద్యలు నేర్వజాలరు. కారు గలవారెల్లరు మెకానిక్కులు కానక్కరలేదు. అయినను "నీవు చెప్పునది నాకు చూపుము" అని యడుగుటకు గొప్ప పాండిత్యము వలదు. చూపినది చూచుటకు కొంచెము ఓపికయు, చూచినదానిని గ్రహించుటకు కొంచెము విజ్ఞానమును చాలును. గడచిన వేసవి సెలవులలో మేము పిల్లలను దీసికొని బెంగుళూరునందలి విశ్వేశ్వరయ్య పారిశ్రామిక సాంకేతిక విజ్ఞానశాలకు పోయితిమి. దారిలో కారు చెడినది. ఆ రెండు దినములలో మరమ్మతుశాలయందును విజ్ఞానశాలయందును మేము చూచినది ఒకే పాఠముగా మాకు దోచినందున, సోదరీమణులతో చెప్పుకొనుచున్నారము.

అనంతపురమునుండి బెంగుళూరు సుమారు 210 కిలోమీటర్లు. మా కారునకు పదునొకండేండ్లు నిండినవి. మావారు నడుపుచుండగా, పండ్రెండేండ్ల మా అమ్మాయియు ఏడేండ్ల అబ్బాయియు వెనుక గూర్చుండి విజ్ఞానశాలలో మొదట ఏమి చూడవలెనో వాదించుకొనుచుండిరి. పెనుగొండ కొండలు దాటి, మిట్టమీదికెక్కుచుండగా వేడిమిని దెలుపు ముల్లు ఎఱ్ఱగీతను దాకెను. బానెట్టు సందులనుండి ఆవిరి వెడలెను. వెంటనే బండిని ప్రక్కకు దీసి, ఇంజను ఆపి, ముప్పాతిక గంట చింతచెట్టు నీడను గూర్చుండి, పిమ్మట నీరుపోసి మెల్లగా తరువాతి యూరికి జేరితిమి.

రహదారిమీదనే పెద్ద బోర్డుగల మరమ్మతుశాల యొకటి కనబడెను. నేలకు పలకలు పరచి, కుర్చీలు వేసి శుభ్రముగా నుండెను. అచ్చటి యువకుడు బానెట్టు ఎత్తి, రెండు నిమిషములు లోపలికి తొంగిచూచి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇంజన్ విప్పాల. మూడు రోజులు పడుతుంది. ముప్పై ఎనిమిది వేలు అవుతుంది" అని చెప్పెను. అది పోయినదని ఎట్లు తెలిసినదని మేమడిగితిమి. "మీకు అర్థం కాదులేమ్మా, సార్‌కు చెప్తాను" అనెను. సారును అదే ప్రశ్న యడుగగా వాని ముఖము చిన్నబోయెను. చేయవలసిన పనిని, అందుకగు వెలను కాగితముమీద వ్రాసి యిమ్మంటిమి. "అట్లాంటివి రాసియ్యము" అని లేచిపోయెను. ఆ 38,000 రూపాయలు మాకు చిన్న మొత్తము కాదు. వచ్చే సంవత్సరము పిల్లల బడిరుసుమునకని వేరుగా నుంచిన సొమ్మే అంత. మేము బండిని అచ్చట విడువక వెలుపలికి వచ్చితిమి.

ఇక్కడ కథ నాపి, ఆ గ్యాస్కెట్టు సంగతి చెప్పవలసియున్నది. ఇది మన వంటయింటి విద్యయే కనుక సోదరీమణులు విసుగుకొనరని తలంచుచున్నారము.

నీరు సముద్రమట్టమున 100 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమియొద్ద మరుగును. ఎత్తునకు పోయినకొలది గాలి యొత్తిడి తగ్గును గావున ఇంకను ముందే మరుగును. సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న బెంగుళూరులో 97 డిగ్రీలకే మరుగును. మూత బిగించిన ప్రెషరు కుక్కరులో ఆవిరి వెలుపలికి బోక లోపల నొత్తిడి పెరుగుటచేత నీరు సుమారు 120 డిగ్రీలవరకు మరుగకుండ వేడియెక్కును. అందుచేతనే పప్పు త్వరగా నుడుకును. మూతక్రింది రబ్బరు చుట్టు ఎండి పగిలినచో ఏమగును? ప్రక్కలనుండి ఆవిరి చిమ్మును, విజిలు రాదు, పప్పుడుకదు, అడుగున నీరింకి మాడును. ఇది ఎఱుగని గృహిణి లేదు.

కారునకు ముందుభాగముననుండు రేడియేటరు కూడ నిట్టి కుక్కరే. ఇంజనులో ఇంధనము మండుటవలన బుట్టిన వేడిమిని నీరు మోసికొనివచ్చి, రేడియేటరు సన్నని గొట్టములలో గాలికి చల్లారి, మరల ఇంజనులోనికి బోవుచుండును. ఈ నీరు మరుగకుండుటకై దాని మూతలో ఒక స్ప్రింగును, రబ్బరు చుట్టును అమర్తురు. కుక్కరు బరువెట్లో ఈ మూతయు నట్లే. హెడ్ గ్యాస్కెట్టు అనునది వేఱు. అది ఇంజను క్రిందిభాగమునకును పైమూతకును నడుమనుండు పలుచని పొర. నిప్పు, నీరు, నూనె ఒకదానితో నొకటి కలియకుండ అది కాపాడును. అది చెడినచో ఇంజను విప్పవలసినమాట నిజమే, ఖర్చగుమాటయు నిజమే. కాని అది చెడినపుడు గుర్తులు కనబడును. నీరు నూనెలో కలిసి నూనె మజ్జిగవలె తెల్లబారవచ్చును. పొగగొట్టమునుండి తీపివాసనగల తెల్లని పొగ విడువక రావచ్చును. రేడియేటరు నీటిలో బుడగలు లేవవచ్చును. ఆ యువకుడు వీనిలో నొక్కదానినైనను చూడలేదు.

టీకొట్టువద్ద నిలిచిన లారీ డ్రైవరుల నడుగగా, వారిలో నలుగురు ఒకే తావును చెప్పిరి. బస్టాండు వెనుక, వేపచెట్టు క్రింద, రేకులకప్పు వేసిన షెడ్డు. అందు అరువదియైదేండ్ల వృద్ధుడొకడు స్కూటరు విప్పుకొని కూర్చుండియుండెను. ఆయన లేచి వచ్చి బానెట్టును ముట్టకమునుపే ప్రశ్నలు వేసెను. ఎంతదూరము వచ్చినారు? మిట్టెక్కునపుడా, సమతలముననా? ఏ.సీ. వేసియుండినదా? ఆవిరి ముందు వచ్చినదా, ముల్లు ముందు లేచినదా? నీరు కడపటిసారి ఎప్పుడు పోసినారు? మంచి వైద్యుడు నాడి పట్టకమునుపు రోగి మాట వినును గదా అని మేమనుకొంటిమి.

"ఇంకా వేడి తగ్గనీండమ్మా. వేడిమీద మూత తీస్తే ముఖం కాలిపోతుంది. కుక్కర్ మూత ఎవరన్నా ఆవిరి పోకముందే తీస్తారా?" అనెను. ఆ మాటతో మా అమ్మాయికి ఆయనయందు గురి కుదిరినది. దగ్గరకుబోయి నిలువబడెను. ఆయన దానిని ఆవలికి పొమ్మనలేదు.

"ఇట్ల రా పాపా, నువ్వే చూడు" అని నూనె కొలుచు పుల్లను పైకి దీసి చేతికిచ్చెను. నూనె తేనెరంగున, నల్లని అంచుతో, నిర్మలముగా నుండెను.

"తాతా, నూనె చూస్తే నీళ్ల సంగతి ఎట్ల తెలుస్తుంది?" అని అది యడిగెను.

"గ్యాస్కెట్ పోయుంటే నీళ్లు దీంట్లోకి వచ్చి మజ్జిగ మాదిరి అయ్యుండేది. కాలేదు కదా? అయినా ఇదొక్కటే చూసి చెప్పకూడదు. ఇంకొకటి చూద్దాం" అనెను.

పిదప మూత దీసి, ఇంజను నడిపించి నీటిలో బుడగలు లేచుచున్నవేమో చూపెను, లేవలేదు. పొగగొట్టమువద్ద తెల్లని గుడ్డ పట్టి చూపెను. ఇంజను ఆపి, చేతిపంపువంటి పరికరమును రేడియేటరు మూతికి బిగించి గాలి కొట్టెను. దానిమీది ముల్లు ఒకచోట నిలిచెను. అయిదు నిమిషములైనను దిగలేదు. గొట్టములయందుగాని, గ్యాస్కెట్టునందుగాని కారుదల లేదని దాని యర్థము. తుదకు ఆ పరికరమునే మా పాతమూతకు దగిలించి కొట్టెను. ముల్లు లేచినట్లే లేచి వెంటనే పడిపోయెను. మూతక్రింది రబ్బరు బీటలువారి గట్టిపడియుండెను. "ఇదేనమ్మా మీ రోగం. ఇంజన్ విప్పాల్సిన పనే లేదు" అని ఆ మూతను మా అమ్మాయి చేతిలో బెట్టెను.

క్రొత్తమూత 260 రూపాయలు, కూలెంటు అను రంగునీరు 450 రూపాయలు, చేతికూలి 200 రూపాయలు. మొత్తము 910 రూపాయలు. మూతకును కూలెంటునకును దుకాణమునుండి రసీదు తెప్పించి, పెట్టెమీది వెలను మాకు జూపెను. ఇరువది నిమిషములు బండిని నిలిపి నడిపించి, ముల్లు మధ్యన నిలిచి, ఫ్యాను తనంతట తిరిగి ఆగుట మా కన్నులార జూచిన పిదపనే పొమ్మనెను.

బండి కదలిన కొంతసేపటికి మా అబ్బాయి, "అమ్మా, ముందు ఆయన అబద్ధం ఎందుకు చెప్పాడు?" అని ప్రశ్నించెను. మేము తొందరపడి అతడు దొంగయని చెప్పలేదు. అతడు మోసగాడై యుండవచ్చును. పని సరిగా నేర్వని వాడును గావచ్చును. నెలకింతమందికి ఇంజను విప్పవలెనని యజమాని విధించినందున అట్లు చెప్పియుండవచ్చును. అతని మనసు మనకు గనబడదు. కాని ఆతడు పరీక్షింపక చెప్పెననుట మాత్రము కనబడినది. అంతకంటె తెలిసికొనవలసిన యవసరమును లేదు. చూపింపనివానికి డబ్బీయనక్కరలేదు. నిజాయితీపరుని గుర్తించుటకు ముఖలక్షణములు, మాటతీరు, బోర్డు వైశాల్యము ఆధారములు కావు. చూపుటకు వెనుదీయకుండుటయే గుర్తు.

ఈ సందర్భమున మనవైపుననుండు లోపము నొకటి చెప్పక తప్పదు. మన దేశములో జనులు సామానుల వెలకు మారుమాటాడక, చేతికూలికి మాత్రము గీచి గీచి బేరమాడుదురు. అరగంట పరీక్షించి "ఏమియు చెడలేదు" అని సత్యము చెప్పినవానికి ఏమియు నీయక వెడలిపోదురు. సత్యమునకు కూలి లేకపోయి, సామానునకు మాత్రము లాభమున్నపుడు, పేదవాడగు పనివాడు అక్కరలేని సామాను నమ్మజూచుట వింతయా? పరీక్షచేసినందుకు ఇంతయని ముందే యడిగి, లోపము కనబడినను లేకున్నను దానిని సంతోషముతో నీయవలెను. ఇది దానము కాదు. నిజము చెప్పినను నష్టములేదని వానికి దెలియజేయుట.

ఇక సోదరీమణులు గుర్తుంచుకొనదగిన మాటలు కొన్ని. బండి బాగుగానున్నప్పుడే మంచి షెడ్డును వెదకుకొనవలెను. నడిదారిలో చెడిన పిమ్మట వెదకువాని కష్టమును ఎదుటివాడు ముఖమున జదువును. లారీ, టాక్సీ నడుపువారిని అడుగుట మేలు; వారికి బండియే జీవనము, మోసపోయినచో ఆ పూట తిండి పోవును. మొదట చిన్నపని యిచ్చి చూడవలెను. పెద్దపని యనినచో వ్రాసిన అంచనా గైకొని రెండవవానికి జూపవలెను. "చెప్పక ఏదియు విప్పవద్దు; తీసిన పాతసామాను మాకే యీయవలెను" అని ముందుగా చెప్పవలెను. ఈ యొక్కమాటచేతనే సగము మోసము తొలగును. టైర్లు పాతవైనవనినచో, టైరు ప్రక్కనుండు నాలుగంకెలను జూడుడు. 2319 అనియున్న 2019వ సంవత్సరము 23వ వారమున చేసినదని యర్థము. గాడిలోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినచో మార్చక తప్పదు; గాడిలోపలి చిన్నమిట్టలు పైకి సమముగా వచ్చినచో ఆ హద్దు వచ్చినదని తెలియును. నూనెపుల్లను దీసి చూచుట, కూలెంటు గీత చూచుట, టైర్ల గాలి చూచుట — ఈ మూడును వారమునకొకసారి ఇంటి ఆడవారు చేయదగిన పనులే. పది నిమిషములైన పట్టదు.

రసీదు లేని పని చేయింపరాదు. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము రసీదు ఈయకుండుట అనుచిత వ్యాపారపద్ధతియే. మరమ్మతు కూడ ఆ చట్టమున సేవగా పరిగణింపబడును. అన్యాయము జరిగినచో రెండేండ్లలోపల జిల్లా వినియోగదారుల కమిషనునందు ఫిర్యాదు చేయవచ్చును. సొమ్ము అయిదు లక్షలలోపైనచో రుసుము లేదు. కోపముతో కొట్టుముందు నిలిచి కేకలు వేయుటకంటె, కాగితములు భద్రపరచుకొనుట గృహిణికి శోభను, ఫలమును గూడ నిచ్చును.

ఆ సాయంకాలము చిక్కబళ్లాపురము దాటి బెంగుళూరు చేరితిమి. చిక్కబళ్లాపురమునకు దగ్గరనే ముద్దేనహళ్లి యున్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు జన్మించిన గ్రామమదియే. వారి పూర్వుల యూరైన మోక్షగుండము మన ఆంధ్రప్రదేశములోనిది. 1908వ సంవత్సరము సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు మునిగిన పిదప, నగరమును వరదలనుండి కాపాడుటకు ఉపాయము చెప్పినది వారే. వారి సలహాననుసరించి కట్టబడిన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు అను జలాశయములను మనవారెల్లరు ఎఱుగుదురు. 1955లో వారికి భారతరత్న బిరుదము లభించెను. వారి పేర వెలసిన విజ్ఞానశాల భవనమునకు 1962లో జవహర్‌లాల్ నెహ్రూగారు ప్రారంభోత్సవము చేసిరి. 1965లో ప్రజలకు తెరువబడెను. అది కస్తూర్బా రోడ్డున, కబ్బను తోటకు ఆనుకొనియున్నది.

మఱునాటి ఉదయమున మేము ద్వారము తెరచు వేళకే పోయితిమి. మా అబ్బాయి డైనోసారు బొమ్మయొద్దనే నిలిచిపోయెను. అమ్మాయి మాత్రము ఇంజనుల శాలకు దారితీసెను. దాని చేతిసంచిలో ఆ పాతమూత యున్నదని మాకు పిమ్మటనే తెలిసినది.

ఆ శాలలో ఇంజనులను కోసి లోపలి భాగములు కనబడునట్లు నిలిపిన నమూనాలు గలవు. నూనెయు మసియు లేక, రంగులు పూసి, పిస్టను పైకిని క్రిందికిని బోవుట, కవాటములు తెరచుకొనుట, మూసికొనుట చూడవచ్చును. ఇంధనమును గాలిని పీల్చుట, నొక్కుట, మండుటచే త్రోయబడుట, పొగను వెలువరించుట — ఈ నాలుగు పనులతో నడుచు ఇంజనును 1876లో జర్మనీ దేశస్థుడగు నికొలావుస్ ఆటో చేసి చూపెను. నేటికిని మన పెట్రోలు బండ్లు ఆ క్రమముననే నడుచుచున్నవి. మా అమ్మాయి సిలిండర్లచుట్టునున్న ఖాళీ దారులను వ్రేలితో జూపి, "అమ్మా, నీళ్లు తిరిగేది ఇక్కడే! ఇదిగో, ఈ పొరే గ్యాస్కెట్. ఇది పోతే నీళ్లు ఇటు వస్తాయి. తాత చెప్పింది ఇదే" అని గట్టిగా నరచెను. ప్రక్కవారు తిరిగి చూచిరి. మేము దానిని వారింపలేదు.

ఆవిరియంత్రములను జూచినపుడు మరల వంటయిల్లు జ్ఞప్తికి వచ్చెను. 1679లో డెనీ పాపెను అను ఫ్రెంచి పండితుడు ఎముకలను మెత్తగా నుడికించుటకై మూత బిగించిన పాత్రనొకటి చేసెను. అది పగులకుండ ఆవిరిని విడిచెడి కవాటము నమర్చెను. అదియే మన ప్రెషరు కుక్కరునకు మూలము. ఆ ఆవిరి బలమును జూచియే ఆయన సిలిండరులో పిస్టనును నడుపవచ్చునని తరువాత నూహించెను. ఆవిరియంత్రమునకు అది తొలిమెట్లలో నొకటి. పొయ్యిమీది పాత్రను జూచి యంత్రము నూహించిన కథను విన్నప్పుడు, పొయ్యిదగ్గర దినమును గడపు మనకు యంత్రవిద్య పరాయిదని యెట్లనుకొనగలము?

అచ్చటనే రైటు సోదరుల విమానమునకు సరిపరిమాణపు నమూనా యున్నది. 1903 డిసెంబరు 17వ తేదీన ఆ విమానము మొదటిసారి 12 సెకనులు మాత్రము ఎగిరి, 120 అడుగుల దూరము పోయినది. ఆ సోదరులు సైకిళ్ల దుకాణము పెట్టుకొని, సైకిళ్లు బాగుచేసి అమ్ముకొని బ్రతికినవారు. వారి విమానమునకు ఇంజను చేసినవాడు ఆ దుకాణములోని మెకానిక్కు ఛార్లీ టేలరు. ఆ సోదరుల తల్లి సుసాన్ బండ్లుచేయువాని కూతురు. పనిముట్లు పట్టనేర్చి పిల్లలకు తానే ఆటవస్తువులు చేసియిచ్చెడిదట. బస్టాండు వెనుక రేకులషెడ్డును, చలువరాతి విజ్ఞానశాలయు రెండు లోకములని తలచువారికి ఈ విమానము తగిన సమాధానము.

మేమచ్చట నుండగనే ఒక పాఠశాల పిల్లలు బారులుదీరి వచ్చిరి. మగపిల్లలు ముందు, ఆడపిల్లలు వెనుక. మగపిల్లలు ఇంజనుచుట్టు మూగి మీటలు నొక్కి, చక్రములు త్రిప్పుచుండిరి. ఆడపిల్లల వంతు వచ్చుసరికి వెంటనున్న ఉపాధ్యాయుడు "టైమైంది, పదండి" అని ముందుకు నడిపెను. వారిలో నొక బాలిక చక్రముమీద చేయివేసి, త్రిప్పకయే తీసివేసి వెడలిపోయినది. ఆయనకు దురుద్దేశమేమియు లేదు, వేళ చాలలేదు. కాని వేళ చాలనప్పుడు తగ్గునది ఎవరి వంతో అది మనము గమనింపవలెను. ఆ బాలిక పెద్దదై కారు కొనుక్కొనిన నాడు, "మీకు అర్థం కాదులేమ్మా" అనువాడు దానికి సిద్ధముగా నుండును. ఆ మాటకు పునాది ఇచ్చటనే పడుచున్నది.

యంత్రములు ఆడవారివి కావనువారు 1888వ సంవత్సరపు ఆగస్టు నెలను జ్ఞప్తికి దెచ్చుకొందురుగాక. ఆ నెలలో బెర్తా బెంజి అను జర్మను స్త్రీ తన యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్త నిర్మించిన మూడుచక్రముల మోటారుబండిలో మాన్‌హైమునుండి తన పుట్టింటియూరగు ఫోర్జ్‌హైమునకు నూరు కిలోమీటర్లకు మించిన ప్రయాణము చేసెను. మోటారుబండిలో అంతదూరము పోయినవారు అదివరకెవ్వరును లేరు. దారిలో ఇంధనపు గొట్టము మూసికొనిపోగా తన టోపీసూదితో పొడిచి శుభ్రపరచెను. తీగె ఒఱసికొనగా మేజోడు కట్టును చుట్టెను. ఇంధనము ఔషధాలయములో గొనెను. బ్రేకులు అరిగినపుడు చెప్పులుకుట్టువానిచే తోలు తొడిగించెను. అనగా ప్రపంచమున మొదటి దూరప్రయాణమును జేసిన దొక తల్లి. ఆ దారిలో మరమ్మతు చేసినదియు నామెయే.

పిల్లలను విజ్ఞానశాలకు దీసికొనిపోవు తల్లులకు రెండు మూడు మాటలు. ఒక్కదినములో అంతయు చూపవలెనని పరుగెత్తింపరాదు. మూడు శాలలు చాలును. ముందుదినమున ఇంటిలోని వస్తువులనుగూర్చి రెండు ప్రశ్నలు వేసియుంచవలెను: కుక్కరు విజిలు ఎందుకు వేయును? బావిగిలక త్రాటిని లాగుట ఎందుకు సులభము? ప్రశ్నతో వచ్చిన పిల్లవాడు జవాబును వెదకికొనును. ప్రశ్నలేనివాడు మీటలు నొక్కి పోవును. బోర్డుమీద వ్రాసినది చదివి వినిపింపవద్దు. ముందు ముట్టుకొననిచ్చి, ఏమి జరిగినదో వారిచేత చెప్పింపవలెను. మనకు తెలియనిదానిని వారితోగూడి చదివి తెలిసికొనుట చిన్నతనము కాదు. ఆకలి వేళకు బయటికి దీసికొనిరావలెను. ఆకలిగొన్నవానికి న్యూటనుగారును రుచింపరు. ఇంటికివచ్చిన వారములోగా చూచినదానిలో నొకదానిని చేతితో చేయనీయవలెను.

బెంగుళూరు దూరమైనవారికి మన ప్రాంతముననే సాధనములు గలవు. హైదరాబాదు నౌబత్ పహాడ్ మీది బిర్లా విజ్ఞానకేంద్రములో 1985లో నక్షత్రశాలయు, 1990లో విజ్ఞానశాలయు వెలసినవి. అచ్చట ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలిపిన కోటసారసు అను డైనోసారు కళేబరము గలదు. మన గోదావరి లోయలో కోట్ల యేండ్లక్రిందట సంచరించిన జంతువది. మా అబ్బాయికి వచ్చే సెలవులలో దానిని చూపుదుమని మాటయిచ్చితిమి. తిరుపతిలో 1993 నుండి ప్రాంతీయ విజ్ఞానకేంద్ర మున్నది. దైవదర్శనమునకు బోవువారు ఒకపూట దానికి గేటాయించిన పుణ్యము తగ్గదు.

సోదరీమణులారా! నమ్మకము మంచిదే, అది లేక సంసారము నడువదు. కాని కన్నులు మూసికొనిన నమ్మకము వేఱు, కన్నులు తెరచిన నమ్మకము వేఱు. రేకులషెడ్డులోని వృద్ధుడు మమ్ము నమ్ముమని యొక్కసారియైన అడుగలేదు, చూడుమనియే చెప్పెను. విజ్ఞానశాలలోని ప్రతి యంత్రమును అదే మాట చెప్పుచున్నది. మన పిల్లలకు, అందును ఆడపిల్లలకు, ఈ "చూపుము" అను మాటను నేర్పుదము. అడిగినపుడు గద్దింపక, మనమును చూపుట నలవరచుకొందము. అట్లు పెరిగినవారు మోసపోరు. అంతకంటె ముఖ్యముగా, తాము పనిచేయు తావున ఇతరులను మోసగింపరు. ఆ పాతమూత మా యింట గడియారము ప్రక్కన మేకుకు వ్రేలాడుచున్నది. వచ్చినవారు అదేమని యడిగినచో, కథ చెప్పువారము మేము కాము. మా అమ్మాయియే కుక్కరు తెచ్చి ముందుపెట్టి మొదలిడుచున్నది.